సందూక పడవ

ఆ రోజుల్లో మాకున్న పెద్ద ఆస్తి, ఏ పని మాకు చేతకాదో తెలియకపోవడం. పదిహేడేళ్ళ వయసులో నేను సిద్దిపేటలో మా ఇంటి వాకిట్లో కూర్చుని తెరచాప పడవ చేశానంటే మనవలు నమ్మరు. సముద్రానికి అంత దూరాన ఉన్న ఊళ్ళో పడవెందుకని అడుగుతారు. అప్పుడు మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ఏడు నేను మెట్రిక్‌లో లెక్కలు తప్పాను. అప్పటినుంచి బాపు నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది. నేను ఎదురుగా ఉండగానే అమ్మతో, "వానికి బువ్వ పెట్టు" అనేవాడు, నేనెవరో దారిన పోయే మనిషినైనట్టు. అది భరించలేక పట్నంలో అక్క ఇంటికి పోయి నాలుగు రోజులున్నాను. అక్కడ హుస్సేన్‌సాగర్‌లో ఎవరో దొర తెల్లని తెరచాప ఎత్తి, తెడ్డు ముట్టకుండా గాలి మీద సాగిపోతుంటే చూశాను. బస్సులో తిరిగి వచ్చేంతసేపూ నాకు లెక్కలు గుర్తు రాలేదు.

పడవకు కావలసిన చెక్క నాయినమ్మ ఇచ్చింది. తన పెళ్ళినాటి టేకు పెట్టెను, అదే సందూకను చూపించి, "నేను సచ్చినంక గిది ఎట్లన్న పొయ్యిల పెడ్తరు. తీస్కపో బిడ్డా, నీళ్లల్లనే ఏస్కో" అంది. పని చెప్పడానికి మా గల్లీ వడ్రంగి దొరికాడు. జీవితమంతా ఎడ్లబండ్లే చేసినవాడు కాబట్టి అందరికీ బండ్ల మామ. నేను గీసిన బొమ్మను రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూసి, "అంత మంచిగనే ఉన్నది గని అల్లుడా, గిర్రలు ఏడ బిగియ్యాలె?" అన్నాడు. చక్రాలు లేకుండా కదిలే వస్తువు ఆయన ఊహకు అందలేదు. చివరికి మా ఇద్దరి తెలివీ కలిసి అది గొడ్ల కుడితితొట్టిలా తయారైంది. సందుల్లో గుగ్గిలం, నూనె కలిపి కాచి పూశాం. (ఆ వాసనకు మా ఇంట్లో పూజ అనుకుని పక్కింటివాళ్ళు ప్రసాదానికి వచ్చారు.) నెలంతా బాపు రోజూ దాన్ని దాటుకునే పోయేవాడు.

తెరచాపకు అమ్మ చిరిగిన ధోవతి ఒకటి ఇచ్చింది. చిరుగులోంచి గాలి పోతుంది కదా! అందుకని దండెం మీది కొత్తది తీశాను. అది బాపుది.

వానలు పడి చెరువు నిండాక, ఒక శుక్రవారం (అప్పట్లో మాకు సెలవు అదే) బండి మీద పడవను తీసుకుపోయాం. గల్లీ అంతా వెంట వచ్చింది. ధోవతి ఎత్తగానే గాలి అందుకుంది. కాసేపు నేనే దొరను. చెరువు నడుమకు చేరాక తెలిసింది, పోవడమే తప్ప మళ్ళడం నేను నేర్చుకోలేదని. ఒడ్డు మీదినుంచి బండ్ల మామ, "పగ్గం గుంజు అల్లుడా! ఎడమ పగ్గం గుంజు!" అని ఒకటే కేకలు. పడవ నేరుగా పోయి అవతలి ఒడ్డున తుంగలో దూరింది.

తల ఎత్తేసరికి బాపు. కేకలు విని, కట్ట చుట్టూ నడిచి వచ్చాడట.

"గది నా దోతి గదా?"

మూడు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"అవు బాపూ."

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన వంగి, చెక్కల అతుకుల మీద వేలు పెట్టి చూస్తున్నాడు.

"ఎవలు జేసిన్రు?"

"నేనే. మామ జెర చెప్పిండు."

"నీళ్లొస్తున్నయా?"

"జెరంత."

బాపు చెప్పులు విడిచి ఒడ్డున పెట్టాడు. "జరుగు" అని ఎక్కి కూర్చున్నాడు.

ఇద్దరం కలిసి తుంగను చేతులతో నెట్టుకుంటూ నాలుగు బారలు పోయామేమో, పడవ ఏ తొందరా లేకుండా, ఎండకు తాళలేని గేదెలా నీళ్లలో కూర్చుంది. లోతు నడుము దాకానే. కూర్చున్న బాపుకు ఛాతీ దాకా వచ్చింది. అయినా తెరచాప గుంజను వదలకుండా అలాగే కూర్చుని, నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. బాపు అంత గట్టిగా నవ్వగలడని నాకు అంతవరకు తెలియదు.

"గింత మనసు హిసాబుల పెడ్తే పాసైతుంటివి గదరా" అన్నాడు, నవ్వు ఆగాక. తర్వాత పడవను చెరొక కొసా పట్టుకుని, దారంతా మాట్లాడుకుంటూ ఇంటికి మోసుకొచ్చాం. మరుసటి ఏడు పాసయ్యాను, అతికష్టం మీద.

ఇప్పుడు స్నానాల గదిలో నేల కాస్త తడిగా ఉంటే గోడ పట్టుకుని నడుస్తున్నాను. అప్పుడల్లా చెరువు నడుమ ఆ పిల్లవాడు గుర్తుకొచ్చి నవ్వొస్తుంది. వాడికి ఈత రాదు. ఆ సంగతి ఆ రోజు వాడికి ఒక్కసారైనా గుర్తు రాలేదు.