మామ్మ మొక్కు, మావయ్య మోకాలు

మొన్న పొద్దున్న పక్క ఫ్లాటు ఆవిడ కీళ్ళనొప్పులకని వావిలాకు వేసి నీళ్ళు కాస్తోంది. ఆ ఘాటు వాసన మా దేవుడి గదిలోకి వచ్చింది. హారతి పళ్ళెం చేతిలోనే ఉంది, నేను మాత్రం చోడవరంలో మా పక్కింటి అరుగు మీదికి వెళ్ళిపోయాను. అక్కడ సన్యాసిరావు మావయ్య కాలు చాపుకుని కూర్చుంటే, వాళ్ళమ్మ నూకాలమ్మ మామ్మ ఆ నీళ్ళలో గుడ్డ ముంచి అతని కుడి మోకాలికి కాపడం పెట్టేది. మాకు చుట్టరికం లేదు, వరసలు పెట్టి పిలుచుకోవడమే. కానీ దేవుణ్ణి ఎలా అడగాలో నాకు తెలిసింది ఆ ఇంట్లోనే.

మావయ్య ఫుట్‌బాల్ ఆటగాడు. వరి కోసిన మళ్ళలో ఒట్టికాళ్ళతో ఆట నేర్చుకుని కలకత్తా క్లబ్బు దాకా వెళ్ళినవాడు. అక్కడ మొదటి ఏడాదే మోకాలు మెలితిరిగింది. నయమై దిగితే మళ్ళీ అదే మోకాలు. ఆ తర్వాత భుజం జారింది. క్లబ్బువాళ్ళు మర్యాదగానే సెలవిచ్చారు. డెబ్భైల మొదట్లో అతను ఇంటికి వచ్చేనాటికి నాకు పన్నెండేళ్ళు ఉంటాయి. మా నాన్న నన్ను బడికి పంపలేదు, ఇంట్లోనే చదువు చెప్పేవారు. సాయంత్రాలు మామ్మకి పురాణం చదివి వినిపించడం నా పని. మావయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. నేను తొందరపడి ఓ పేజీ దాటేస్తే, "ఒసే, రాక్షసుణ్ణి సంపకుండానే ఇంటికెల్లిపోతన్నావేటి?" అనేవాడు.

మామ్మ అన్నగారి కుటుంబం ఎప్పుడో మలేషియా రబ్బరు తోటలకు వెళ్ళి అక్కడే స్థిరపడింది. ఆ అన్న కొడుకు ఓసారి చూడ్డానికి వచ్చి, తమ ఊరి క్లబ్బు ఆటగాళ్ళ కోసం వెతుకుతోందని, కాలు బాగైతే వానలు వెళ్ళాక రమ్మని చెప్పి వెళ్ళాడు. ఆ మాట విన్నాక మావయ్య కూర్చునే తీరే మారిపోయింది. మర్నాటి నుంచి దమ్ము చేసిన మడిలో దిగి నడవడం మొదలుపెట్టాడు. బురద కాలిని గట్టిగా పట్టుకుంటుంది కానీ కుదపదట. మొదట ఆ గట్టు నుంచి ఈ గట్టుకి నడక, కొన్నాళ్ళకు పరుగు. నాట్లు వేసే ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏటి బాబూ, దమ్ముకి ఎడ్లు దొరకలేదని నిన్ను దింపేరా?"

"ఎడ్లకైతే మేతెయ్యాల కదేటి. నాకు మా యమ్మ ఎయ్యదా?"

ఎంత ఊపు మీదున్నా, మోకాలు కాస్త నొప్పిపెడితే మడి మధ్యలోనైనా ఆగిపోయేవాడు. "నొప్పి ముందే సెప్తాదే గుంటా. కలకత్తాలో నాను ఇన్లేదు, అంతే" అన్నాడు నాతో.

వానలు వెళ్ళాయి. మోకాలు నిలబడింది. కాగితాలు వచ్చాయి, మద్రాసులో ఓడ ఎక్కడమే తరువాయి. అప్పుడు బయటపెట్టింది మామ్మ. కొడుకు కాలు బాగైతే అతనిచేత సింహాచలం మెట్లు మోకాళ్ళ మీద ఎక్కిస్తానని మొక్కుకుందట.

మావయ్య నవ్వబోయి ఆగిపోయాడు. "మోకాలు బాగు సెయ్యమని అడిగి, ఆ మోకాలే రాళ్ళ మీద అరగదీయిస్తానన్నావా అమ్మా?"

"మాటిచ్చేసేన్రా. అప్పన్నబాబు దగ్గిర మాట తప్పుతావా?"

 మొక్కు తీరిస్తే కాలు పోతుందేమో, తీర్చకుండా ఓడెక్కితే తల్లికి ఇక నిద్ర ఉండదు. చెప్పకుండా వెళ్ళిపోదామన్న ఆలోచన మాత్రం అతనికి రాలేదు. మర్నాటి సాయంత్రం నేను పురాణం మూసేస్తుంటే, "ఏవే గుంటా, ఇన్ని సదివేవు. నువ్వేటంటావు?" అన్నాడు.

అంతవరకు నన్నెవరూ అలా అడగలేదు. భయపడుతూనే అన్నాను. "మొక్కుకున్నది మామ్మ కదా మావయ్యా. కాలేమో నీది."

మామ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. దీపం పెట్టే వేళైనా బయటికి రాలేదు. ఇంట్లో నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. పొద్దున్నే మామ్మే మా గుమ్మంలోకి వచ్చి మా అమ్మతో అంది, "గుంట నిజవే సెప్పింది. మొక్కింది నాను, ఎక్కేదీ నానే. దాన్ని కూడా పంపు మాతోటి."

కొండ కింద మామ్మ కొంగు దోపుకుని మొదటి మెట్టు మీద మోకరిల్లింది. మావయ్య వద్దనలేదు. రెండు తువ్వాళ్ళు మడిచి, ఒకటి ఆవిడ మోకాళ్ళ కింద, ఇంకొకటి పై మెట్టు మీద పరిచాడు. ఆవిడ పైకి జరగ్గానే కింది తువ్వాలు తీసి ఆ తర్వాతి మెట్టు మీద వేసేవాడు. పక్కనే నేను మెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. సగం దారిలో మామ్మకి ఆయాసం వచ్చింది. "ఆగుదావా?" అన్నాడు. "నీకు కాళ్ళు పీకుతంటే నువ్వాగు" అంది.

పైకి చేరేసరికి మామ్మ చీర మోకాళ్ళ దగ్గర చిరిగిపోయింది. గోపురం వంక కాదు, ముందు కొడుకు కాలి వంక చూసింది.

"నొప్పెడతందేటి?"

అతను కాలు మడిచి, చాపి చూసుకున్నాడు. "లేదే."

"మరి మెట్టుమెట్టుకీ ఒంగి లేచేవు కదరా, కింద నుంచీ."

మావయ్య వెనక్కి తిరిగి, ఎక్కివచ్చిన మెట్లన్నీ చూశాడు. తర్వాత అక్కడే, గుడి బయటే, తల్లి పాదాలకు దణ్ణం పెట్టాడు. ఆ పూట మామ్మ ముఖంలో ఉన్న వెలుగు నేను మరెక్కడా చూడలేదు.

మలేషియాలో మొదటి ఏడాది ఎక్కువగా బయట కూర్చోబెట్టారట. రెండో ఏడాది ఒక్క ఆట కూడా వదలకుండా ఆడాడు. మూడో ఏడాది చీలమండ విరిగి ఇంటికొచ్చేశాడు. బస్సు దిగి కుంటుకుంటూ వస్తుంటే టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు, "ఏటి సన్నాసీ, సముద్రం దాటెల్లి కాలిరగ్గొట్టుకొచ్చేవా?"

"ఇది ఎడం కాలెహె. కుడి మోకాలు ఎక్కడా లొంగలేదు, కావాలంటే పట్టుకు సూడు."

గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాను. కప్పు గెలిచి వచ్చినవాడి గొంతు అది. మా వీధివాడు పరాయి దేశంలో ఒక ఏడాదంతా ఆడాడని ఇప్పటికీ నా మనవలకు తల ఎత్తుకునే చెబుతాను.

మా పెద్దవాడికి పసితనంలో విషజ్వరం వచ్చింది. వాడి జుట్టు మొక్కుకోమన్నారు మా అత్తగారు. నేను నాది మొక్కుకున్నాను. అప్పట్లో నా జడ నడుం దాటి ఉండేది. వాడు లేచి తిరిగాక వెళ్ళి ఇచ్చేసి వచ్చాను. ఈ రోజుకీ దేవుడి ముందు నోరు తెరిచే ముందు, ఇస్తానంటున్నది నాదేనా అని చూసుకుంటాను. కాకపోతే ఏమీ అడగను. ఇప్పటిదాకా ఆయన ఇచ్చినదానికి దణ్ణం పెట్టి వచ్చేస్తాను.