పదోవంతు

వెన్నులోకి కేన్సర్ పాకాక మా ఆయన కూర్చోవడం మానేశారు. దీవుల మధ్య తిరిగే బోట్లలో ఇంజిన్ రూమ్ మనిషి. ఉద్యోగమంతా ఫీనిక్స్ బే జెట్టీకి వచ్చిపోతూనే గడిచింది. మేం డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నేనూ అక్కణ్నుంచే ఆఫీసుకి వెళ్లేదాన్ని. నొప్పికి ట్రమడాల్ మాత్రలు వేసేదాన్ని. కొన్నాళ్లకు వాటికీ నొప్పి ఆగలేదు.

డాక్టరుగారు మార్ఫిన్ రాశారు. చీటీ పట్టుకుని ఎప్పుడూ వెళ్లే మందుల దుకాణానికే వెళ్లాను.

"దీదీ, ట్రమడాల్ అయితే డాక్టరు పర్చీ చూసి ఇచ్చేస్తాను. ఇది మా దగ్గర ఉండదు. అనుమతి ఉన్న పెద్దాస్పత్రిలోనే ఇస్తారు" అన్నాడు దుకాణం భయ్యా.

మళ్లీ డాక్టరుగారి దగ్గరికే వెళ్లి, రెండింటికీ తేడా ఏమిటని అడిగాను.

"చట్టం ట్రమడాల్‌ని ఒక పట్టీలో, మార్ఫిన్‌ని ఇంకా కట్టుదిట్టమైన పట్టీలో పెట్టిందమ్మా. రెండూ ఒక జాతివే. మాత్రగా వేస్తే ట్రమడాల్ బలం మార్ఫిన్‌లో సుమారు పదోవంతు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. మీరు మాత్రం సొంతంగా పెంచకండి" అన్నారు.

పెద్దాస్పత్రిలో మార్ఫిన్ మాత్రలు తీసుకుని ఇంటికొచ్చి, ఆయనకు డాక్టరుగారి మాటే చెప్పాను.

"అంటే ఇన్నాళ్లూ డింగీ పడవ ఇంజిన్‌తో షిప్పుని లాగేవన్నమాట" అన్నారు కళ్లు మూసుకునే. నవ్వాలని తెలిసింది. నవ్వు రాలేదు.

బ్రూక్షాబాద్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న వదిన, ఆయన అక్క, ఆ మాత్రల అట్ట లాక్కుంది.

"ఇది నల్లమందే గదా! పోలీసులు పట్టుకునే సరుకు మా తమ్ముడి నోట్లో ఏస్తావేటి?"

నేను గోడకానుకుని నిలబడ్డాను. వాదించడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"అక్కా, ఇన్నాళ్లూ మింగిందీ దీని చెల్లెల్నే. ఇయ్యవే, నొప్పెడతంది" అన్నారాయన.

వదిన అట్టలోంచి మాత్ర తీసింది. తనే ఆయన నోట్లో వేసి నీళ్లు పట్టింది. ఊపిరి ఆగిపోతుందేమోనని పక్కనే కూర్చుని గుండెల మీద చెయ్యి తీయలేదు. ఆయన నిద్రపోయారు. లేచి, దిండ్లకు ఆనుకుని, చేపల పులుసు అడిగి తిన్నారు. ఆ రోజునుంచి మాత్ర వేళ నేను మరిచినా వదిన మరవలేదు.

వానలు పట్టాక ఆయన పోయారు. నొప్పితో కాదు. అందరూ ఆ మాటే అన్నారు, నేనూ తలూపాను.

మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంచుకోకూడదన్నారు. దినాలయ్యాక వాటిని ఆస్పత్రిలో అప్పగించి, అటునుంచి అటే ఆఫీసుకి వెళ్లాను. పక్క సీటామె టీ తెప్పించింది. తాగాను. అందులో చక్కెర వేశారో లేదో తెలియలేదు.