మా ప్రత్యూష మైకులో చెప్పిన మాట

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా మైలవరం మండలం మొత్తానికి పొలంలో డ్రిప్పు పైపులు మొదట పరిచింది నేనే. మా చిన్నకొట్టాలకు రెండుసార్లు సర్పంచిగా చేసిందీ నేనే. ఇక బండలాగుడు పందేల్లో ఓబుళరెడ్డి ఎడ్లు అంటే కడప, నంద్యాల, అనంతపురం జిల్లాల్లో తెలియని రైతు లేడు. నలభై ఒక్క బహుమతులు గెలిచాను. నడవలో గోడకు చెక్కలు కొట్టించి వరుసగా పెట్టాను. అందులో ప్రొద్దుటూరు పందెంలో గెలిచిన వెండి గద ఒకటి ఉంది. ఇంటికి ఎవరు వచ్చినా ముందు దాన్ని చూపించి తర్వాతే మంచినీళ్లు ఇచ్చేవాణ్ణి. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పకే చెప్తున్నానని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కానీ ఈ కథ నాది కాదు. నా కొడుకు సుధీర్ కూతురు ప్రత్యూషది.

ప్రత్యూషకు మాటలు తొందరగా వచ్చాయి. వచ్చినవి మళ్లీ ఆగలేదు. నాలుగేళ్ల వయసులో గరిటెను మైకులా పట్టుకుని, పెరట్లో కోడిని తరుముతున్న వాళ్ల జేజి, అంటే నా భార్య శ్యామలమ్మ వెనకాల పరుగెత్తేది. "శ్యామలమ్మ గారు ఎడమ పక్క నుంచి వస్తాండారు! కోడి కుడి పక్కకు తిరిగింది! శ్యామలమ్మ గారు పడిపోయినారు!" అని ఊరంతా వినిపించేలా అరిచేది. కోడిని వదిలేసి, ఆ గరిటె లాక్కుని దాంతోనే శ్యామలమ్మ పిల్లను తరిమేది. బడిలో ఉపన్యాసాల పోటీల్లో ఏడు బహుమతులు, ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు నాలుగు. వాటికీ ఒక చెక్క కొట్టించాను.

మా ప్రాంతంలో బండలాగుడు అంటే తెలుసు కదా. పెద్ద రాతిబండకు ఎడ్ల జతను కట్టి, రెండు వందల యాభై అడుగుల బరిలో ఆ కొస నుంచి ఈ కొసకు లాగిస్తారు. పదిహేను నిమిషాల్లో ఎవరి ఎడ్లు ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. ఎన్ని అడుగులు అయ్యాయో, ఎంత సమయం మిగిలిందో, ఎవరు ముందున్నారో మైకులో ఒకరు చెప్తూ ఉండాలి. ఆ మనిషి లేకపోతే అది పందెం కాదు, వట్టి దుమ్ము.

ముప్పై ఏళ్లు ఆ మైకు పట్టింది జమ్మలమడుగు ఫకీర్ సాహెబ్. నా స్నేహితుడు. మూడేళ్ల కిందట మైలవరం పందెంలో నడిమధ్య ఆయన గొంతు పూడుకుపోయింది. అల్లం ముక్క నమిలాడు, వేడినీళ్లు తాగాడు, శబ్దం రాలేదు. బరిలో ఎడ్లు లాగుతున్నాయి, మైకు మూగగా ఉంది, జనం కేకలు పెడుతున్నారు. బరి అంచున కట్టిన కమ్మీ పక్కన నిలబడి ఫోనులో సెకన్లు చూసుకుంటున్న ప్రత్యూష ఒక్క గంతులో వేదిక ఎక్కి ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. "ఆరు నిమిషాల పది సెకన్లు! నాలుగో సారి బరి తిరిగినాయి!" అంది. ఇరవై ఏళ్ల ఆడపిల్ల గొంతు మైలవరం డ్యాము గట్టు దాకా వినిపించింది. నా పక్కనున్న ముసలాయన ఈల వేశాడు. నోట్లో పళ్లు లేవు, ఎలా వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత రెండేళ్లు ఫకీర్ సాహెబ్ ఆమెను వెంట తిప్పుకుని నేర్పించాడు. ముందు గడియారం చెప్పాలి, తర్వాత అడుగులు చెప్పాలి, ఆ తర్వాతే రైతు పేరు. ఏ ఎద్దునూ సోమరి అనకూడదు, దాన్ని పెంచినవాడు అక్కడే నిలబడి ఉంటాడు. అన్నిటికన్నా పెద్దమాట ఒకటి చెప్పేవాడు: "పాపా, చూడంది చెప్పొద్దు. చూసింది దాచొద్దు."

ఇంతలో బెంగుళూరు నుంచి ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రులు నడిపే పెద్ద కంపెనీ. ప్రొద్దుటూరు కాలేజీకి వచ్చి పిల్లల గొంతులు విని, మా ప్రత్యూషను ఫోన్లలో మాట్లాడే విభాగానికి ఎంచుకున్నారు. నెలకు నలభై ఐదు వేలు, ఉండటానికి గది. మైకు పడితే వచ్చేది పందేనికి మూడు వేలు, అదీ తిరునాళ్లు ఉన్న నెలల్లోనే.

సుధీర్ సిమెంటు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేస్తాడు. లారీలు తూచడం, చీటీ రాయడం. తక్కువ మాటల మనిషి. ఆ రోజు మాత్రం గట్టిగానే మాట్లాడాడు.

"నాయనా, అది ఎద్దుల ముందర అరుస్తాంటే నీకు ముచ్చట. వానలు పడినాక పందేలుంటాయా? అప్పుడు యాడికి పోతాది? ఎవరి ముందర అరుస్తాది?"

"ఆడ కాగితంలో ఉండేదే చదవాలంట నాయనా," అంది ప్రత్యూష. "ఎదురుగా ఏం జరుగుతాందో కనపడదు. నాకి చూసి చెప్పడం కావల్ల."

"చూసి చెప్తే కడుపు నిండుతాదా?"

"నాకి నిండుతాది."

నిజం చెప్పాలంటే నేను సుధీర్ పక్షమే. మనవరాలు బెంగుళూరు ఆఫీసులో ఉందని చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ పిల్ల ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. నా జీవితంలో తేలని విషయాలన్నీ నేను బరిలోనే తేల్చుకున్నాను. అందుకే చెప్పేశాను.

"ఇద్దరూ నోర్లు మూయండి. ఆదివారం పులివెందుల దగ్గర తిరునాళ్ల పందెం. మైకు పాపదే. మన ఎద్దులు పెన్నోడు, కొండోడు మొదటి బహుమతి కొడితే పాప ఇష్టం. కొట్టకపోతే సోమవారం సాయంత్రం బెంగుళూరు బస్సు."

శ్యామలమ్మ వంటింట్లోంచి చేట పట్టుకుని వచ్చింది. "పిల్ల బతుకు తీసకపోయి ఎద్దుల మెడ మీద పెడతాండావా? బుద్ధి యాడ పారేసుకున్నావు?"

"నా ఎద్దులు యానాడూ నాకి మోసం చేయలేదు."

ప్రత్యూష జేజి చేతిలోని చేట తీసుకుని గోడకు ఆనించింది. తర్వాత నా వైపు తిరిగి, "సరే జేజినాయనా. మాట మాటే," అంది.

ఆదివారం పులివెందుల దారిలో చీనీ తోటల పక్కన జనమే జనం. ట్రాక్టర్ల మీద, గోడల మీద, తోటల గట్ల మీద జనం. పదకొండు జతలు దిగాయి. మధ్యాహ్నానికి నంద్యాల వాళ్ల జత అందరికన్నా ముందుంది. పన్నెండుసార్లు బరి దాటి, పదమూడోసారి రెండు వందల పదకొండు అడుగులు లాగింది. ఆఖరున మాది.

మా ఎడ్లను నడిపేది డేవిడ్. పద్దెనిమిదేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. ఎడ్ల చెవుల్లో ఏదో చెప్పాడు. ఈల మోగింది.

ఆ పదిహేను నిమిషాలు ఎలా చెప్పను? పెన్నోడు మెడ వంచి తోస్తుంటే కొండోడు గిట్టలు నేలలో దిగబడి మట్టి పెళ్లలు లేస్తున్నాయి. వేదిక మీద ప్రత్యూష ఒక కాలి మీద నిలబడినట్టు ఊగుతోంది. పక్కనే ఫకీర్ సాహెబ్ నోట్లో అల్లం ముక్కతో కూర్చున్నాడు.

"పది నిమిషాలు! తొమ్మిదోసారి బరి తిరిగినాయి! మైలవరం మండలం చిన్నకొట్టాల ఓబుళరెడ్డి గారి జత! నంద్యాల జత కంటే మూడు సెకన్లు వెనక! మూడే మూడు సెకన్లు!"

జనం లేచారు. నేను మా జేజమ్మను తలచుకున్నాను, తెలిసిన దేవుళ్లందరినీ తలచుకున్నాను.

"పద్నాలుగు నిమిషాల ముప్పై! పదమూడోసారి బరిలో ఉండారు! నూటా ఎనభై! నూటా తొంభై! డేవిడ్, పది సెకన్లు! రెండు వందలు! రెండు వందల పది గీత ముందరుంది, ఇంకా దాటలా, ఇంకా దాటలా..."

ఈల.

ఈల తర్వాత లేచిన దుమ్ములో నాకు ఏమీ కనబడలేదు. దుమ్ము తగ్గేసరికి బండ ముందు అంచు దగ్గర సున్నం గీత వేసేశారు. టేపు పెట్టి కొలిచారు. రెండు వందల పదమూడు! రెండు అడుగుల తేడాతో మాది గెలుపు! డేవిడ్‌ను ఎవరో భుజాల మీదకు ఎత్తారు. నన్నూ ఎత్తబోయారు, నా బరువు చూసి మానుకున్నారు. నంద్యాల రైతు వచ్చి నా చేయి పట్టుకుని, "శానా బాగా లాగినాయి మామా," అన్నాడు. ఆయనకు ఏ అనుమానమూ లేదు. ఎవరికీ లేదు.

కమిటీ పెద్ద కాగితం ప్రత్యూష చేతికిచ్చాడు. చదివితే చాలు, అయిపోయింది. మైకూ మిగిలేది, నా నలభై రెండో బహుమతీ వచ్చేది.

ఆమె కాగితం చూసింది. నన్ను చూసింది. మైకు నోటి దగ్గరకు తీసుకుంది.

"పెద్దలు మన్నించాల. ఈల మోగినప్పుడు బండ రెండు వందల పది గీత దాటలేదు. ఈల తర్వాత ఎద్దులు ఇంకో అడుగు వేసినాయి, బండ జారింది. ఆగిన చోట గీత వేసినారు. నేను చూసినా. నా గొంతు కూడా చెప్పింది, ఫోన్లలో వీడియో ఉంటాది, చూసుకోండి."

జనం కమిటీ పెద్ద చుట్టూ మూగారు. ఫోన్లు తీశారు. వీడియోలో ఆమె గొంతు "ఇంకా దాటలా" అంటోంది, దాని మీదే ఈల మోగుతోంది, బండ రెండు వందల పది గీతకు ఇవతలే ఉంది. డేవిడ్ నా దగ్గరకు వచ్చి తల దించుకున్నాడు. "పెద్దరెడ్డీ, బండ జారిందని నాకీ తెలుసు. నోరు రాల్యా."

రెండో బహుమతి ఇస్తామంటే నేను వేదిక ఎక్కలేదు. పోయి బండిలో కూర్చున్నాను.

ఫకీర్ సాహెబ్‌నూ బండిలో ఎక్కించుకుని ముద్దనూరు చేరాం. అక్కడ టీ కోసం ఆపాం. ప్రత్యూష గ్లాసు నా చేతికిచ్చి, "రేపు బస్సుకు పోతా జేజినాయనా, బట్టలు సర్దుకున్నా," అంది.

అప్పుడు ఫకీర్ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. గరగరమనే ఆ గొంతే ఆయనకు మిగిలింది.

"రెడ్డీ, ఒకటి చెప్తా, కొట్టొద్దు. ప్రొద్దుటూరులో నీకు వెండి గద వచ్చింది చూడు, పదకొండేళ్ల కింద. ఆ పొద్దు కూడా ఈల తర్వాతనే నీ బండ జారింది. నేను చూసినా. నీ ముఖం చూసి చెప్పలేకపోయినా. గెలవాల్సింది పెండ్లిమర్రి దావూద్."

నేను టీ గ్లాసు బల్ల మీద కొట్టాను. "సాహెబూ, నువ్వు ఈడ నుంచి జమ్మలమడుగుకు నడిచి రా!" అన్నాను.

"వస్తా. టీ తాగినాక వస్తా," అని ఆయన తీరిగ్గా ఊదుకుంటూ తాగాడు. "ముప్పై ఏళ్లు మైకు పట్టినా రెడ్డీ. ఆ ఒక్క మాట నాకి చేతకాలా. ఈ పిల్ల తన బతుకు పోతాదని తెలిసీ చెప్పింది. దీన్ని తీసకపోయి కాగితం చదవమంటావా?"

దావూద్ ఆ ఓటమి తర్వాత ఎడ్లను అమ్మేసుకున్నాడు. అది నాకు తెలుసు. పదకొండేళ్లుగా ఆ గదను నేను వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం ప్రత్యూష బ్యాగు గడప దగ్గర ఉంది. సుధీర్ పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చాడు. నేను గదను తువాలులో చుట్టుకుని బయటకు వచ్చాను.

"యాడికి పోతాండావు పాపా?"

"బస్సుకు."

"పెండ్లిమర్రిలో ఐదింటికి మైకు కట్టమని చెప్పినా. దావూద్‌కు గద ఇచ్చేసి వస్తా. ఓబుళరెడ్డి ఇచ్చేది ఊరికే ఇస్తాడా? నాలుగు ఊర్లకు వినపడాల. చెప్పేదానికి మనిషి కావల్ల."

"ఎద్దులు ఓడినాయి జేజినాయనా. మాట మాటే."

"ఎద్దులు సరిగానే లాగినాయి. పందెం పెట్టిన నాదే తప్పు. యాభై ఏళ్లలో మాట తప్పలేదు, ఈ ఒక్కసారికి తప్పుతా. ఇంక నీ ఇష్టం."

 ప్రత్యూష వాళ్ల నాన్నవైపు తిరిగింది. "నాయనా, నువ్వు చెప్పు."

సుధీర్ చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "కాటా కాడ డ్రైవర్లందరూ ఆ వీడియో చూస్తాండారు. మీ పాపేనా అని అడిగినారు. అవునన్నా. కాటా మనిషి కూతురు తప్పు తూకం యాడ చెప్తాదిలే అన్నారు." చెప్పులు గోడ పక్కకు జరిపాడు. "వానకాలం సంగతి మాత్రం నాకి చెప్పాల."

"ప్రొద్దుటూరు బట్టల షాపులోళ్లు ఆటోల్లో తిప్పే ప్రకటనకు గొంతు ఇమ్మని అడుగుతాండారు నాయనా. అది చేస్తా. తక్కువే వస్తాది."

"తక్కువే," అన్నాడు సుధీర్. బ్యాగు తీసి లోపల పెట్టింది వాడే. ప్రత్యూష ఫోను తీసుకుని పెరట్లోకి పోయి, బెంగుళూరు వాళ్లకు తానే చెప్పుకుంది. తిరిగి వచ్చేటప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చింది, కోడిని తరిమిన నాటి పరుగు.

పెండ్లిమర్రిలో మైకు పట్టి ముందు గడియారం చెప్పింది. "సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలు! నలభై బహుమతుల ఓబుళరెడ్డి గారు..." నలభై ఒకటి అని నా నోరు ఊరుకోలేక కదిలింది. మూసుకున్నాను. దావూద్ గదను రెండు చేతులా తీసుకుని చాలాసేపు చూశాడు. "నేను మళ్లా కోడెలు కొంటా మామా," అన్నాడు. "మైకు మాత్రం ఈ పాపే పట్టాల."

కొన్నాడు. మొన్న మైలవరం పందెంలో అతని కోడెలు నా జతను పదకొండు అడుగుల తేడాతో ఓడించాయి. ఆ మాట మైకులో చెప్పింది మా ప్రత్యూషే. నా పేరు ఎంత గట్టిగా చెప్పిందో, పదకొండు అడుగులనూ అంతే గట్టిగా చెప్పింది. డ్యాము గట్టు దాకా వినిపించిందట. ఆ గొంతు ఎవరి మనవరాలిదో అక్కడున్న ప్రతి ఒక్కరికీ నేనే స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాను.