గాలిపెట్టె తెచ్చిన అల్లుడు

అత్తగారింట్లో, పట్టపగలు, కడుపునిండా భోంచేసి పడుకున్న అల్లుణ్ణి వేపమండతో కొట్టడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. కుప్పంలో మా అత్తగారి వీధివాళ్లు చూశారు. ఆ అల్లుణ్ణి నేనే. కొట్టినవాడి తప్పు లేదు. కొట్టించిన మా అత్త మునెమ్మ తప్పు అసలే లేదు. అంతా నా నోరు జారిన ఒక్క మాట చేసిన నిర్వాకం. ఆ మాటేమిటో చెప్పేముందు నా గురక గురించి చెప్పాలి. మా బంధువుల్లో నాకన్నా దానికే పేరెక్కువ.

గురక మాకు వంశపారంపర్యం. పుంగనూరులో మా చిన్నప్పుడు ఎండాకాలమంతా మిద్దె మీద చాపలు పరుచుకుని వరసగా పడుకునేవాళ్లం. మా నాయన గురక మొదలైతే వీధికుక్కలు కూడా లేచి పక్కవీధికి పోయి పడుకునేవి. మాకు మాత్రం అదే జోలపాట. అది వినబడుతోందంటే నాయన పక్కనే ఉన్నాడు, ఇక దేనికీ భయం లేదు. మధ్యలో అది ఠక్కున ఆగిపోయేది. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని నేనూ మా అక్కా పందెం వేసుకుని అంకెలు లెక్కపెట్టేవాళ్లం. అమ్మ మాత్రం లేచి ఆయన భుజం తట్టేది. నాయన చివరికి నిద్రలోనే పోయాడు. ఆ ఆగిపోవడం ఒక జబ్బని మాలో ఎవరికీ తెలియదు. ఆ పందెం మాట ఇప్పటికీ నేనూ మా అక్కా ఎత్తుకోం.

ఆ ఆస్తి మొత్తం నాకొచ్చింది. మా అమ్మ చేసిన ఉద్యోగం నా భార్య సరోజకొచ్చింది. గురక ఆగితే భుజం తట్టడం, మొదలయ్యాక చెవులు మూసుకోవడం. పాపం, పెళ్లయ్యాక ఆమె సరిగ్గా నిద్రపోయిందే లేదు. నేను మాత్రం పగలంతా ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయేవాణ్ణి. మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక వ్యాపారి తరఫున సరుకు కొనడం నా పని. ఒకరోజు వేలంపాటలో నిలబడే కునుకు తీశాను. తల ముందుకు వాలింది. వేలంపాటలో తల వాలితే ఏమవుతుందో తెలుసుగా? మెత్తబడిపోయిన టమోటాలు గుట్టగా మా యజమాని నెత్తిన పడ్డాయి.

"ఏమప్పా, ఈ పచ్చడి యాడికి పంపేది?" అన్నాడాయన.

"నేను తలూపలేదన్నా, కునికినా."

"కునికేది ఇంట్లో కునుకు. ఈడ కునికితే కొన్నట్టే!"

సరోజ నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఒంటినిండా వైర్లు తగిలించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందట. డాక్టరమ్మ ఒక పెట్టె రాసిచ్చింది. పెట్టెకో గొట్టం, గొట్టానికి ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు. పెట్టె లోపలికి గాలి తోస్తూ ఉంటే గొంతు తెరుచుకుని ఉంటుందట. పగలు కాసేపు నడుం వాల్చినా పెట్టుకోవాల్సిందేనని మరీమరీ చెప్పింది.

మాస్కుతో నా కాపురం కుదరలేదు. ముఖం మీద గిన్నె బోర్లించి ఎవరో సైకిలు పంపు కొడుతున్నట్టుండేది. నేను ఊపిరి వదలబోతే అది లోపలికి తోసేది. తెల్లారేసరికి మాస్కు మంచం కిందా, నేను మంచం మీద గురకలోనూ ఉండేవాళ్లం. పెట్టుకున్న కాసేపటికే చెంపల మీద పట్టీల వాతలు తేలేవి. మార్కెట్లో అవి చూసి "ఎవురు కొట్టినారప్పా? సరోజక్కేనా?" అని పరామర్శలు.

ఒకరోజు సరోజ బ్యాగు సర్దుకుంది. "ఇదో సూడు. మీ నాయన మాదిరి నువ్వూ పోతాంటే సూస్తా కూసోను నావల్ల కాదు. మా యమ్మోళ్లింటికి పోతాండా. నువ్వు మాస్కు పెట్టుకోని పండుకుంటావని నాకు నమ్మకం కుదిరినాకనే వచ్చేది."

"నువ్వాడుంటే నమ్మకం ఎట్ల కుదురుతాది?"

"అది నువ్వే సూసుకో."

ఆమె పోయాక ఇల్లు బావురుమంది. పడుకోవాలంటే నాకే భయమేసింది. ఊపిరి ఆగితే భుజం తట్టేదెవరు? బుద్ధిగా మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకు కాస్త అలవాటైనట్టే ఉంది. కుప్పం పోయి, సరోజ కళ్లెదుటే మాస్కుతో పడుకుని చూపిద్దామని అత్తకు ఫోన్ చేశాను.

"అల్లుడా, ఏమైందప్పా మీకు? ఈ బిడ్డ ఏమడిగినా నోరిప్పదు," అంది అత్త.

జబ్బంటే పెద్దామె కంగారు పడుతుందని తేలిగ్గా చెప్పాలనుకున్నాను. అదే కొంప ముంచింది.

"ఏం లేదత్తా, గాలి. అంతే. పండుకుంటే గొంతు పట్టేస్తాండాది."

అత్త గొంతు తగ్గించింది. "ఎన్నాళ్లుగా?"

"మా నాయనకూ ఉన్నింది. ఆయన్ని తీసుకోనిపోయింది ఇదే. ఇప్పుడు నన్ను పట్టుకుండాది."

"అయ్యో దేవుడా! అందుకేనా నా బిడ్డ వచ్చేసింది?"

"అందుకే. డాక్టరమ్మ ఒక పెట్టె ఇచ్చిందిలే. గాలంతా దాంట్లోనే ఉంటాది. రేపు తెస్తాండా."

"దాన్ని నా ఇంటికి తెస్తావా?"

"తేకుంటే ఎట్లత్తా? అది పక్కన లేకుండా పండుకోకూడదంట."

మీకు అర్థమైపోయిందని నాకు తెలుసు. గాలంటే పీల్చుకునే గాలే కాదు, మనుషుల్ని పట్టే గాలి కూడా. ఆ సంగతి పుంగనూరులో పుట్టిన నాకు ఆ ఒక్క నిమిషం తట్టలేదు.

మర్నాడు పెట్టెను ఒళ్లో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. గడపలోనే అత్త నాకు దిష్టి తీసింది. పెట్టెక్కూడా తీసింది. ప్రేమ అనుకున్నాను. సంగటి, నాటుకోడి పులుసు దగ్గరుండి వడ్డించింది. "నువ్వు పండుకో. నేను కూరగాయలకు పోయొచ్చి సూస్తా," అని సరోజ బజారుకు పోయింది. నేను మాస్కు బిగించి, పెట్టె స్విచ్చేసి కళ్లు మూశాను. నాటుకోడి మహిమో ఏమో, నిజంగానే ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

ముఖాన చల్లటి నీళ్లు పడి మెలకువ వచ్చింది. ఎదురుగా బొట్లు పెట్టుకున్న ఒక పెద్దమనిషి. చేతిలో వేపమండ. ఆయన వెనక అత్త, అత్త వెనక వీధి. ఆయన పేరు వెంకటప్పనీ, గాలి వదిలించడంలో మంచి పేరున్నవాడనీ తరువాత తెలిసింది.

"ఎవురు నువ్వు? పేరు చెప్పు!" అని గద్దించాడు వెంకటప్ప.

మాస్కులో నోరు తెరిస్తే గాలి ఎదురు తంతుంది. నా పేరుకు బదులు "హుఫ్ఫ్ఫ్" అని వచ్చింది.

"బుస కొడతాండాది!" అంది ఒకామె.

"తొండముండాది సూడండి! రామకుప్పం ఏనుగుల అడివి తట్టు నుంచి వచ్చింటాది," అన్నాడు ఇంకొకాయన.

వేపమండ నా భుజం మీద పడింది. మాస్కు సగం ఊడి ఒక కంటి మీదికెక్కింది.

"ఎప్పుడు పోతావో చెప్పు!"

ఎంత అవమానం! ఇంటికొచ్చిన అల్లుణ్ణి అడిగే మాటేనా అది? నాకూ పౌరుషం వచ్చింది. "పోతా! సాయంత్రం బస్సుకే పోతా!"

"ఊరికే పోతావా, ఏమన్నా కావాల్నా?"

"సరోజ కావాల! సరోజను నాతో పంపిస్తేనే పోతా. లేకుంటే ఈడ్నే ఉంటా!"

అత్త గుండెలు బాదుకుంది. "నా బిడ్డనే అడగతాండాదే! కోడి కావాల్నంటే కోస్తా గానీ, బిడ్డనెట్ల ఇచ్చేది?"

"కోడి ఇప్పుడే తింటి గదత్తా!"

"సూడండప్పా, పొద్దున కోసిన కోడి సంగతి గూడా తెలుసు దీనికి," అంటూ వెంకటప్ప భక్తిగా ఒకడుగు వెనక్కి వేశాడు.

అప్పుడొచ్చింది సరోజ, చేతిలో కూరగాయల సంచితో. నన్ను చూసి, మండ చూసి, సంగతి విని, సంచి కింద పడేసి పడీపడీ నవ్వింది. తరువాత అది ఏ గాలో అందరికీ విడమరిచి చెప్పింది. చెప్పాక తల్లిని అడిగింది, "ఫోన్లో మాటకే ఇంత చేస్తివా మా?"

"మాటకు కాదు మే. నువ్వు పోయిన కాడ్నించి తొంగి తొంగి సూస్తాండా. గురకే లేదు! చంటిబిడ్డ మాదిరి పండుకోనుండాడు. మన అల్లుడైతే అట్ల పండుకుంటాడా? ఇంకెవురో వచ్చి పండుకుండారనుకుంటి."

సరోజ నవ్వు ఆగిపోయింది. "ఒక్కసారి గూడా గురక పెట్టలేదా?"

"లేదంటాండా గదా!"

సరోజ కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి పోయింది. బ్యాగు సర్దుకుని వచ్చి, "సాయంత్రం బస్సుకేనా?" అంది. నా భుజం మీది దెబ్బలన్నీ ఆ మాటతో మాయమైపోయాయి.

నాకు కట్టాలని తను మంత్రించి తెచ్చిన దారం వృథా పోకూడదన్నాడు వెంకటప్ప. అత్త దాన్ని నా గొట్టానికి కట్టింది. "ఈ గాలో ఆ గాలో నాకు తెలీదు. నా అల్లుడు బాగుండాల," అంది. వెంకటప్ప నన్ను పక్కకు పిలిచి, "ఆ డాక్టరమ్మ యాడుంటాదప్పా? నా గురకకు మా ఇంటామె గూడా పుట్టింటికి పోతానంటాది," అని గుసగుసగా అడిగాడు.

ఇప్పుడు అత్త లేదు. ఆ కోడి పులుసు రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు. గొట్టం మార్చిన ప్రతిసారీ సరోజ ఆ దారాన్ని విప్పి కొత్తదానికి కడుతుంది. రంగు వెలిసిపోయింది. మొన్న మిషన్ చూడడానికి వచ్చినాయన "దీన్ని తీసేద్దునా అమ్మా?" అన్నాడు.

"తీయొద్దప్పా. గాలి పోకుండా మా యమ్మ కట్టింది," అంది సరోజ.

ఇక నా భీషణ ప్రతిజ్ఞ. కుప్పం పొలిమేరలో అడుగు పెట్టాక ఈ జన్మలో ఆ రెండక్షరాల మాట ఎత్తనని వేపమండ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈమధ్య కుప్పంలోనే బండి టైరు మెత్తబడితే పంక్చర్ షాపుకు తోసుకుపోయి, "టైర్లో అది పెట్టప్పా," అన్నాను.

"ఏది?"

"అదే. కనపడదు సూడు, అది."

అతను పంపు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, నీకేమన్నా గాలి సోకిందా?"