చిక్కపేటలో పడకుండా ఆగిన దూలం

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. అంకెల్లో కనిపించనిది లేనట్టే అనుకునే మనిషిని. ఇది మాత్రం అంకెల్లోనే కనిపించింది.

బెంగళూరులో పాత కట్టడాలకు సెన్సర్లు అతికించి, అవి ఎలా కంపిస్తున్నాయో చూడడం నా పని. వీధిలో లారీ పోయినా కట్టడం మనకు తెలియకుండా కాస్త ఊగుతుంది. లోపల పగులు పెరిగితే బిగువు తగ్గి, ఆ ఊగే వేగం పడిపోతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిందంటాం.

చిక్కపేటలో ఒక పాత చీరల దుకాణం. యజమాని నాగరాజు. పై అంతస్తులో ఆయన తల్లి రుక్మిణమ్మ ఉండేది. కింద దుకాణంలో చెయ్యెత్తితే అందే దూలంలో పగులు కనిపించిందని నన్ను పిలిచారు. దానికి మూడు సెన్సర్లు పెట్టాను. వానలు పడ్డాక ఫ్రీక్వెన్సీ తగ్గుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను దుకాణంలో ఉండి చూస్తుండగానే అది ఇంకా జారిపోయింది. పగుల్లో వేలు దూరేంత సందు. అందరినీ బయటికి పొమ్మని అరిచాను. నాగరాజు తల్లి కోసం పైకి పరిగెత్తాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వాళ్ళు దిగేదాకా నేను దూలం పక్కనే లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు అంకె పైకి లేచింది. మూడు సెన్సర్లలోనూ. పగులే లేకపోతే రావాల్సిన అంకె అది. పైన బరువు తగ్గితే కొంత పెరగొచ్చు, కానీ చీరల మూటల్లో ఒక్కటీ దించలేదు. కింద గట్టి దుంగేదైనా ఆసరాగా నిలబెడితే తప్ప అలా జరగదు. తలెత్తి చూశాను. పగులు అలాగే ఉంది.

తల్లీకొడుకులు దిగారు. గుమ్మానికి అడ్డంగా ఉన్న మూట జరపడానికి నాగరాజు ముందుకు వెళ్ళాడు. రుక్మిణమ్మ నా చెయ్యి పట్టుకుంది. దూలం దాటుతూ ఆగి, "చాలప్పా, ఇంక వదిలెయ్" అంది. కొడుకుతో అంటోందనుకున్నాను.

మేం వీధిలో అడుగుపెట్టామో లేదో దూలం కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆమెను ఎదురు అంగడి మెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి అడిగాను. "ఎవర్ని వదిలెయ్యమన్నారమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "రెండు చేతులూ పైకెత్తి దూలాన్ని పట్టుకోనుండె కదమ్మా, నీ పక్కనే. నువ్వు చూడ్లేదా?"

"ఎవరు?"

"మొగం అట్ల తిప్పుకోనుండె. ఎవురో నాకేం తెల్సు?"

సెన్సర్లు తప్పు చూపించి ఉంటాయన్నారు ఆఫీసులో. మూడూ ఒకేసారి, ఒకే అంకెకు ఎలా తప్పుతాయో వాళ్ళూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు. నా పక్కన ఎవరూ లేరు, అంతవరకు గట్టిగా చెప్పగలను.

ఇప్పుడు ఏ పాత కట్టడంలోకి వెళ్ళినా, పక్కన ఒక మనిషికి చోటు వదిలి నిలబడుతున్నాను.