గుండు టైర్లతో కృష్ణగిరికి

మా ఆయన ఆ కారును ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు హారతి పళ్ళెంతో బయటికి వచ్చి, బండిని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూసి, "మిగతాది యాడప్పా?" అని అడిగారు.

ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఆ బండి నడుం ఎత్తు కూడా ఉండదు. సీట్లు రెండే. సామాను పెట్టే చోట పట్టుమని ఒక బియ్యం బస్తా పట్టదు. మా అత్తగారిది హోసూరులో టోకు కిరాణా వ్యాపారం చేసే ఇల్లు. బస్తా పట్టని బండిని వాళ్ళు బండి అనరు.

నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని కాను. ఆంధ్రా నుంచి ఉద్యోగానికి వచ్చి, హోసూరులో బ్రేకులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పరీక్షల విభాగంలో చేరాను. ఆ ఫ్యాక్టరీ క్యాంటీనుకు పప్పులూ ఉప్పులూ వేసే కొట్టువాళ్ళబ్బాయి నన్ను చూశాడు, నేనూ అతన్ని చూశాను, ఆ తర్వాత రెండిళ్ళ పెద్దలూ ఒకరినొకరు చూసుకున్నారు. అట్లా కోడలినయ్యాను. బండ్ల పిచ్చి మాత్రం నాకు పుట్టింటి నుంచే వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ కారు మా ఆయనకు ముచ్చట, నాకు ప్రాణం. పైకి మాత్రం "మీ ఇష్టం" అనే అన్నాను. కోడళ్ళకు ఆ మాట చాలా పనికొస్తుంది.

కారు అమ్మిన బెంగుళూరు ఆయన ఆదివారాలు దాన్ని రేసు ట్రాకు మీద తిప్పేవాడట. ఆయన దగ్గర రెండు జతల టైర్లు ఉన్నాయి. ఒకటి మామూలు రోడ్డుకు, ఒకటి ట్రాకుకు. ఏది కావాలో తీసుకోమన్నాడు. మా ఆయన వాళ్ళింటి పద్ధతి ప్రకారం రెండింటి ధరా అడిగి, ఖరీదైన జతను వేయించుకుని, మామూలువి ఆయనకే వదిలేసి, మంచి బేరం కుదిరిందని ఈల వేసుకుంటూ వచ్చాడు. ఖరీదైన జీడిపప్పు మంచి జీడిపప్పు అయినప్పుడు ఖరీదైన టైరు మంచి టైరు ఎందుకు కాదు?

నేను వంగి టైరు మీద చెయ్యి వేసి చూశాను. గాడులు లేవు. మొక్కుబడిగా నాలుగు గీతలు ఉన్నాయి, అంతే.

"వానొస్తే ఎట్లా?" అన్నాను.

"వానొస్తే వైపర్ లేదా?" అన్నాడు.

టైరుకున్న గాడులు నీళ్ళను పక్కకు తోసేస్తాయనీ, అవి లేకపోతే బండి నీళ్ళ మీద తేలుతుందనీ చెప్పాను. ఆ ట్రాక్ టైర్లు ఎండలో, వేడెక్కితే రోడ్డును బంకలా పట్టుకుంటాయి. చల్లటి వానలో వాటితో తోలడం అరిగిపోయిన హవాయి చెప్పులతో తడిసిన బండల మీద నడవడంతో సమానం. మా ఆయన అంతా విని, బండికి పూజ ఎప్పుడు చేయిద్దామని అడిగాడు. పూజలో చక్రాల కింద పెట్టిన నిమ్మకాయ చెక్కలు ఆ మెత్తటి రబ్బరుకు అతుక్కుని వీధంతా తిరిగి వచ్చాయి.

తర్వాత వారానికే గొడవ మొదలైంది. మా ఆయన జూజువాడి చెక్‌పోస్టు దాకా వెళ్ళి, లారీల వాళ్ళ ముందు తన తడాఖా చూపించి వచ్చాడు. ఆ కబురు బండి కంటే ముందే కొట్టుకు చేరింది. మోసుకొచ్చింది మా ఎదురు కొట్టాయన. మా ఇంటికీ ఆయన ఇంటికీ తాతల నాటి నుంచి పోటీ. మేము బోర్డుకు లైట్లు పెడితే ఆయన రంగు లైట్లు పెడతాడు. అలాంటాయన వచ్చి, "మీవాడు విమానం తోలినట్ల తోలినాడమ్మా, జాగ్రత్తగా చూసుకోండి" అని జాలిపడి వెళ్ళాడు. ఆ జాలి మా అత్తగారిని కాల్చేసింది.

"నేను ఒగసారి ఎక్కి చూస్తాను. నా గుండె అదిరిందంటే మర్నాడే ఆ బండి అమ్మేయాల" అని తీర్పు చెప్పేశారు. ఆవిడ మాటకు ఆ ఇంట్లో అప్పీలు లేదు. మా మామగారు కూడా చెయ్యలేదెప్పుడూ.

ఆ ఒక్కసారి తొందరగానే వచ్చింది. బాగలూరు రోడ్డులో మా కొత్త కొట్టు తెరుస్తున్నాం. వాళ్ళింటి ఆనవాయితీలో మొదటి పిలుపు కృష్ణగిరిలో ఉన్న మా అత్తగారి అక్కకు. ఆ పిలుపు ఇద్దరు ముత్తైదువులు కలిసి వెళ్ళి, రాహుకాలం రాకముందే, పసుపుకుంకుమలిచ్చి చెప్పాలి. పెద్ద కారేమో మామగారితో బెంగుళూరు వెళ్ళింది. మిగిలింది రెండు సీట్ల బండి, ఇద్దరు ముత్తైదువులం. మా ఆయనకు చోటే లేదు. తాళం నా చేతిలో పెడుతూ అతను చూసిన చూపు చూస్తే, పరీక్ష హాలు గేటు దగ్గర తల్లులు గుర్తొచ్చారు.

"నిదానంగా పో. అమ్మకు భయం పుట్టిందంటే బండి పోయినట్లే" అన్నాడు గుసగుసగా.

అత్తగారిని బండిలోకి దించడానికి కొంత సేపు పట్టింది. ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లోపల పెట్టుకోవాలని చెప్పాను. "ఇది ఎక్కేది కాదు, దిగేది" అని గొణుక్కుంటూ ఆవిడ దిగారు. ఒడిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, కొబ్బరికాయ. బండి కదలగానే కళ్ళు మూసుకుని కొండమీది చంద్రచూడేశ్వరుణ్ణి తలుచుకోవడం మొదలుపెట్టారు. ఎండగా ఉంది. నేను బుద్ధిగా తోలాను. ఇంజను మాత్రం వెనక నుంచి గురగురలాడుతూ, ఇంకాస్త తొక్కవా అని బతిమాలుతూనే ఉంది.

శూలగిరి ఇంకా రాకముందే మబ్బు పట్టింది, వెంటనే వాన దంచేసింది. ముందున్న లారీని దాటుదామని కాస్త కాలు నొక్కానో లేదో, బండి వెనకభాగం ఒక పక్కకు జారి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వెనక్కి వచ్చింది. పళ్ళెంలో కొబ్బరికాయ దొర్లింది. అత్తగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆ క్షణంలో దేవుణ్ణి ఆవిడ కంటే నేనే ఎక్కువ తలుచుకున్నాను.

ఒక హోటలు ముందు ఆపాను. వాన తగ్గేలా లేదు.

"వెనక్కి పోదామా అత్తయ్యా? రేపు వద్దాం" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచారు. "పసుపుకుంకుమ పట్టుకోని బయలుదేరినాక బండి వెనక్కి తిప్పుతారా ఎవరన్నా? కొట్టు తెరిచేది కూడా అట్లే వెనక్కి పోతాది. పద."

ఆగవచ్చు, తిరగకూడదు. ఆగితే రాహుకాలం ముంచుకొస్తుంది. ఇక చేసేదేముంది, ఎడమ పక్కన అంచు పట్టుకుని సైకిలు వేగంతో బయలుదేరాను. గంటకు రెండువందల పైచిలుకు పోగలదని చెప్పుకునే ఆ కారు, నీళ్ళు నిలిచిన చోటల్లా పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్న పెళ్ళికూతురిలా నడిచింది.

ఇక చూడండి మా మర్యాద. ముందు బస్సు దాటింది. తర్వాత మామిడికాయల మినీలారీ దాటింది. ఆ తర్వాత పాలక్యాన్లు కట్టుకున్న ఒక టీవీఎస్ మోపెడ్ దాటింది. దాని మీదున్న పెద్దాయన నెత్తికి ప్లాస్టిక్ కవరు తగిలించుకుని, మమ్మల్ని తలతిప్పి చూసి, పాపం అన్నట్టు తలాడించాడు.

బస్సు దాటినప్పుడు మా అత్తగారి ముఖంలో నెమ్మది కనిపించింది. మినీలారీ దాటినప్పుడు కళ్ళు పూర్తిగా తెరిచారు. టీవీఎస్ దాటేసరికి సర్దుకుని కూర్చున్నారు. భయం పోయింది, దాని జాగాలో ఇంకేదో వచ్చింది. నాకు లోలోపల ఒకటే సంతోషం. ఆవిడ గుండె అదరలేదు, బండి మాకు దక్కింది అనుకున్నాను.

శూలగిరి దాటి దిగుడు మొదలయ్యే చోట వెనక నుంచి ఎవరో ఆపకుండా హారను కొట్టారు. మా పక్కకు సరుకుకు పోయే ఒక పాత వ్యాను వచ్చింది. ఎదురు కొట్టాయన. వానలోనే అద్దం దించి, పళ్ళన్నీ బయటపెట్టి, "ఏమ్మా, బండి రిపేరా? తాడు కట్టి లాక్కోని పోమంటారా?" అని అరిచాడు. అరిచి, చెయ్యి ఊపి, మా మీద నీళ్ళు చిమ్ముకుంటూ ముందుకు పోయాడు.

మా అత్తగారి ముఖం ఎర్రబడింది. పళ్ళెం గట్టిగా పట్టుకున్నారు.

"తొక్కమ్మా" అన్నారు.

నేను వైపర్ వేగం పెంచాను.

"చెప్తా ఉండేది నీకే. తొక్కు. వాణ్ణి దాటాల."

దిగుడు. రోడ్డు మీద నీళ్ళు కాలవ కట్టి పోతున్నాయి. కింద గుండు టైర్లు. ఇప్పుడు తొక్కితే బండి మేము వెళ్ళాలనుకున్న వైపు వెళ్ళదు, దానికి తోచిన వైపు వెళుతుంది. తొక్కకపోతే ఎదురు కొట్టాయన ముందు ఆవిడ పరువు పోతుంది. పరువు తీసిన బండిని ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచరు. నాకు ఆ బండి కావాలి. ఎంత కావాలంటే, కాలు దానంతట అదే కిందికి పోబోయింది. నా కాలంటే నాకే భయం వేసింది.

"తొక్కను అత్తయ్యా" అన్నాను.

ఆ మాట బయటికి వచ్చాక నాకే వింతగా వినిపించింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడతో "చూద్దాం అత్తయ్యా" అన్నాను, "అలాగే అత్తయ్యా" అన్నాను. ఈ మాట ఎన్నడూ అనలేదు.

"ఏమి?"

"జారుతుంది. తొక్కను. మీరు కోప్పడ్డా తొక్కను."

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. బండి పోయినట్టేనని నేను నిశ్చయించుకున్నాను. ఆ దిగుడంతా, టోల్ గేటు దాకా, దాని స్టీరింగును చివరిసారి పట్టుకున్నట్టే పట్టుకున్నాను. ఏడుపొచ్చింది కూడా. వాన కదా, అద్దాలు తుడుస్తున్నట్టు కళ్ళు కూడా తుడుచుకున్నాను.

కృష్ణగిరి చేరేసరికి రాహుకాలం ఇంకా రాలేదు. పెద్దమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చి, "గాలి మాదిరి పోయే బండంట కదే, ఇంతసేపేమి?" అని చెల్లెలిని ఎగతాళి చేశారు.

"వానలో ఉరికేది టీవీఎస్‌లు. పెద్ద బండ్లు నిదానంగానే పోతాయి" అన్నారు మా అత్తగారు, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా. పసుపుకుంకుమలు ఇచ్చాం. భోంచేశాం. ఎండ కాశాక, రోడ్డు ఆరాక బయలుదేరి ఇంటికి వచ్చాం.

మా ఆయన కొట్టు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. బెంగుళూరు నుంచి తిరిగొచ్చిన మామగారు లెక్కల దగ్గర కూర్చున్నారు. ఎదురు కొట్టాయన తన గల్లా దగ్గర నుంచే మెడ సాచి చూస్తున్నాడు. నేను అత్తగారి చెయ్యి పట్టుకుని పైకి లాగాను. ఆవిడ నిలబడి చీర సర్దుకున్నారు.

"అమ్మా, గుండె అదిరిందా?" అన్నాడు మా ఆయన.

"అదరలేదు."

"అయితే బండి ఉంటాదా?"

"ఉంటాది. అమ్మాయి తోలుతాది. నువ్వు కడుగు."

మామగారు లెక్క ఆపి తలెత్తారు. మా ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. జాలి కంటే సంతోషమే ఎక్కువ కలిగింది, ఆ మాట దాచుకోను.

"ఇదేం న్యాయం? కొన్నది నేను కదా?" అన్నాడు.

"కొన్నావు, గుండు టైర్లు వేయించుకోని వచ్చినావు. పోయి గాడులుండేవి తే. ఆడ దిగుడులో నేను తొక్కు తొక్కు అని అరిచినాను. ఈ పిల్ల తొక్కలేదు. నామీదే తిరగబడింది. నువ్వయితే?" ఆవిడ ఆగి కొడుకు వైపు చూశారు. "నువ్వయితే నేను చెప్పకముందే తొక్కుండేవాడివి. నా పసుపుకుంకుమ పళ్ళెం యాడో గుంతలో ఉండేది. నేనూ దాంతోనే ఉండేదాన్ని."

మా ఆయన లోపలికి వెళ్ళి బక్కెట్టు తెచ్చుకున్నాడు.

అత్తగారు తాళం ఉన్న నా గుప్పిటను తన చేత్తో మూసి, ఎదురు కొట్టు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఆయప్ప శుక్రవారం శుక్రవారం బాగలూరుకు పూలకు పోతాడు. కొత్త టైర్లు వచ్చినాక, వాన లేని శుక్రవారం చూసి చెప్పు. మనకూ పూలు కావాల."