మా ఇంటి ప్రార్థనలో నా నాయిక

నా నవలల్లో చివరికి ఎవరో ఒకరు చచ్చిపోతారు. సభల్లో వక్తలు దాన్ని నాకున్న విషాద దృష్టి అన్నారు. నేనూ తల వంచుకుని, కాస్త బాధగా నవ్వి, ఒప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ముగింపు తోచకపోతే చంపేయడం నాకు అలవాటు. సంసారం ఈదుతూ రాసేవాళ్లకి ఇంతకన్నా త్వరగా తెమిలే పని లేదు. కుక్కర్ కూతలు పూర్తయ్యేలోగా ఒక మనిషిని పైకి పంపించేయవచ్చు.

కలకత్తాలో కూర్చుని తెలుగు నవలలు రాసే నన్ను పక్క ఫ్లాట్ బెంగాలీ ఆవిడ వచ్చినవాళ్లందరికీ గొప్ప రచయిత్రినని పరిచయం చేస్తుంది. నేను రాసిన దాంట్లో ఒక్క అక్షరం కూడా ఆవిడకి తెలియదు. ఆ గౌరవానికి కారణం అదేనని మా ఆయన అంటాడు. పోర్టు ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే ఆయన దృష్టిలో నవల అంటే ఇంకా తీయని సినిమా. నేను కథ చెబుతుంటే ఓపిగ్గా విని, "అంతా బాగుంది గానీ ఇంటర్వెల్ ఎక్కడ?" అంటాడు.

వీళ్లని వదిలేయండి. నాకు కావలసింది మా అమ్మాయి. అది కాలేజీలో సినిమా చదువుతోంది. ఏ దేశం సినిమా అయినా చూసి వెక్కి వెక్కి ఏడుస్తుంది గానీ, కన్నతల్లి పుస్తకం మాత్రం తెరవదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. "సబ్‌టైటిల్స్ వేయించు మమ్మీ, చూస్తాను" అంది ఒకసారి. అందరితో పాటు నేనూ నవ్వాను. లోపల మాత్రం చివుక్కుమంది. ఎవరు మెచ్చినా మెచ్చకపోయినా, నేను రాసినది ఒక్కటైనా దాని మనసుకి తగలాలని నా ఆశ.

ఆ సబ్‌టైటిల్స్ మా అత్తగారి రూపంలో వచ్చాయి. ఆవిడ నది అవతల టికియాపారా రైల్వే క్వార్టర్లలో పిల్లల్ని పెంచిన మనిషి, ఇప్పుడు మా దగ్గరే ఉంటారు. ఆవిడ చదివిన తెలుగంతా బైబిలు, కీర్తనల పుస్తకం. సాయంత్రం టీ అయ్యాక కుటుంబ ప్రార్థన తప్పదు. ఒకరు వాక్యం చదవాలి, అత్తగారు వివరిస్తారు, తర్వాత వంతులవారీగా అందరూ పైకి ప్రార్థించాలి. మా అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు ఏదో గొణిగి, 'ఆమెన్' మాత్రం గట్టిగా అంటుంది.

మొన్న వర్షాల్లో అది మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో మంచానికి అతుక్కుపోయి, ఫోను కూడా విసుగెత్తి, ఇల్లు పీకి పందిరేస్తుంటే, అత్తగారు భోజనాల బల్ల మీదున్న నా కొత్త నవల కాగితాలు తీసుకెళ్లి దాని పక్కన కూర్చున్నారు. వాక్యం చదివినట్టే చదివారు. ఒక్కో పేరా ఆపి ఆపి చదవడం, తర్వాత వివరణ. "ఇక్కడ మనం ఏటి నేర్చుకున్నాం?" అని ప్రశ్న. నేను ఎంతో శ్రమపడి దాచిన అంతరార్థాలన్నీ ఆవిడ మూతలు తీసి బయట పెట్టేస్తున్నారు. లోపలికెళ్లి ఆపబోతుంటే మా అమ్మాయి గొంతు వినిపించింది. "తార్‌పొర్ మామ్మా? తర్వాత ఏమైంది?"

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. వెనక పప్పు మాడుతున్నా కదల్లేదు.

నా నాయిక ఏక్‌బాల్‌పూర్‌లో చిన్న పాపతో, బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. ఆమెకి దగ్గు పట్టుకుంటుంది. ఆ భాగం చదివిన రోజు సాయంత్రం అత్తగారు ప్రార్థనలో, "ప్రభువా, ఆ కుట్టుపని పిల్ల దగ్గు తగ్గించు తండ్రీ. డాక్టరు దగ్గిరికి తీసుకెల్లీవోలు నేరు" అన్నారు.

మా ఆయన కళ్లు తెరిచాడు. "ఎవరమ్మా, మన చర్చి ఆవిడా?"

"కాదురా, నీ పెళ్లాం కతలో పిల్ల."

అప్పటినుంచి రోజూ ఇరుగుపొరుగు మోకాళ్ల నొప్పుల పక్కన నా నాయిక దగ్గు కూడా చేరింది. "అత్తయ్యా, ఆవిడ నిజం మనిషి కాదండీ" అన్నాను.

"నాకు తెలీదేటమ్మా? నువ్వు రాసినావు. నువ్వు బాగు సెయ్యకపోతే పైవోడికి సెప్పుకోవాల కదా."

ఇక నా అవస్థ చూడాలి. చివరి అధ్యాయంలో నాయికని అప్పటికే చంపేసి ఉన్నాను. ఆ కాగితాలు ఇంకా బయటపెట్టలేదంతే. పాఠకుల ఒత్తిడికి కలం వంచనని వేదికల మీద కోతలు కోసినదాన్ని, ఒక ముసలావిడ ప్రార్థనకి భయపడి ఆ అధ్యాయం మార్చి, మందు పట్టించి ఆమెని బతికించాను. చదివి చూసుకుంటే దగ్గు మందు ప్రకటనలా ఉంది. చించేశాను. కానీ చంపితే? మొదటిసారి నా మాటలు విన్న మా అమ్మాయి, మళ్లీ వినకపోతే? నవల చెడిపోయినా పరవాలేదు గాని అది నాకు దూరమైతే ఓర్చుకోలేననిపించింది. అయినా అబద్ధం రాసి దాన్ని ఆకట్టుకోవడం మరీ సిగ్గుచేటు. పాత అధ్యాయమే ఇచ్చి వంటింట్లోకి పారిపోయాను.

అత్తగారు చదివారు. ఆ రోజు వివరణ లేదు. సాయంత్రం ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి, నా నాయికని మాత్రం వదిలేసి 'ఆమెన్' అన్నారు. తర్వాత మా అమ్మాయి వంతు. అది నా వైపు చూడకుండా కాలి కట్టు మీది దారం పీకుతోంది. ఇక అయిపోయింది, నా పుస్తకం జోలికి మళ్లీ రాదనుకున్నాను.

"ప్రభూ," అంది గట్టిగా, మాటలు వెతుక్కుంటూ. "ఆ ఆంటీకి చిన్న పాప ఉంది కదా. హాస్పిటల్‌కి వెళ్లేటప్పుడు పక్కింట్లో పెట్టి వెళ్లింది. ఆంటీ మళ్లీ రాలేదు. మమ్మీ ఆ పాపని అక్కడే మర్చిపోయింది. నువ్వు మర్చిపోకు. ఆమెన్."

నిజంగానే మర్చిపోయాను. తల్లిని పంపించే తొందరలో పిల్ల సంగతే గుర్తులేదు. ఇన్ని నవలలు రాశానని విర్రవీగే నేను 'ఆమెన్' అనడం కూడా మర్చిపోయాను. ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంత, సంతోషంతో చాలా.

అత్తగారు నా వైపు చూసి, "ఎల్లమ్మా, ఎల్లి రాసుకో. ఆ పిల్లకి అన్నం పెట్టీవోల్ని సూడు. కూర నాను సూస్తాను" అన్నారు.